చమురు కంపెనీయు, కూలివాని లెక్కయు

తుంగభద్రాతీరమందలి అలంపురము మొదలుకొని పాలమూరు సీమ యంతటను మేస్త్రీ యను మాట యెరుగని పల్లె యుండదు. బయానా యిచ్చి, గుంపు గట్టి, దూరదేశములందలి ఆనకట్టల పనులకు కూలివారిని కొనిపోవువాడు అతడు. ఒకప్పుడు తీరాంధ్రమునుండి సముద్రము దాటి బర్మాకేగిన మనవారిలో పెక్కురను నడపినదియు ఈ పద్ధతియే. ఆనాటి కథ నేటివారికి ఉపకరించునని మేము తలచుచున్నాము.

1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ ఐరావతీతీరమున యెనాంజౌంగ్, చౌక్ ప్రాంతములలో చమురు తీసి, రంగూను చెంతనున్న సిరియములో శుద్ధిచేయుచుండెను. బావులకడ బర్మీయులును, శుద్ధికర్మాగారమునందును రేవునందును ఆంధ్రులును విశేషముగా శ్రమించిరి. 1930 మే నెలలో రేవునందలి ఆంధ్రకూలీలు సమ్మె కట్టగా, యజమానులు బర్మీయులను పనిలో బెట్టుకొనిరి. సమ్మె తీరిన వెంటనే వారిని తొలగించిరి. అంతట పేదవాడు పేదవానిపై కత్తి దూసెను. నూరుమందికి పైగా హతులైరి. వారిలో అత్యధికులు భారతీయులు. మరుసటి యేడు రాయల్ లేబర్ కమిషన్ మేస్త్రీ పద్ధతిలోని దోషములను ఎత్తిచూపెను.

1938లో చమురుబావుల కార్మికులు సమ్మె చేసి, వందలాది మైళ్లు నడచి, 1939 జనవరిలో రంగూను చేరిరి. త్రోవలోనే ప్రభుత్వము నాయకులను నిర్బంధించెను. శాంతి పేరిట ఒక పక్షమును మాత్రమే బంధించుట మధ్యస్థుని ధర్మమగునా?

1942 మార్చిలో జపాను సేనలు సమీపింపగా, ప్రభుత్వాజ్ఞచే సిరియము కర్మాగారము ధ్వంసమయ్యెను. కంపెనీవారు పరిహారమునకై దావా వేసిరి. వారికి హక్కు గలదని 1964లో ఇంగ్లండునందలి ప్రభువుల సభ తీర్పు చెప్పెను. దానిని రద్దుపరచుటకు 1965లో పార్లమెంటు ప్రత్యేక శాసనమే చేయవలసివచ్చెను. కంపెనీకి ధనము దక్కకపోయినను, వాదించుటకు లెక్కలుండెను. అదే 1942లో ప్రాణములరచేత బట్టుకొని అరకాను కొండలు దాటిన మేస్త్రీకూలికి, తన బాకీ చూపుటకు కాగితమేది?

వలసకార్మికునకు పాసుపుస్తకమీయవలెనని 1979 నాటి శాసనము విధించినది ఈ లోపమునకు తగిన మందు. శాసనముల పేరులు మారవచ్చును, అవసరము మారదు. కూలివాని పేరును, కూలియు, బయానాయు వ్రాసిన పుస్తకము అతని చేతనే యుండవలయును. పాలమూరు కూలిగుంపు ఊరు కదలకమునుపే అధికారులు ఆ పుస్తకమును చూడవలయును. ప్రభుత్వము జోక్యము చేసికొనవలసిన సమయము అది. సమ్మె కట్టిన పిమ్మట లాఠీతో వచ్చుట కాదు.