ఇంటి పద్దు: అప్పిచ్చినమ్మ వాటాదారైతే...

కొబ్బరి దింపు డబ్బులు ఏ రోజు చేతికొస్తాయో మనకంటే ముందు ఏజెంట్లకే తెలుస్తుంది కాబోలు! అమలాపురం దగ్గర్నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అమ్మాయి పెళ్ళికని పోస్టాఫీసులో దాచిన రెండు లక్షలు తీసి, ఒక కంపెనీ కన్వర్టబుల్ డిబెంచర్లలో పెట్టమని ఆడపడుచు భర్త పోరుతున్నారట. "వడ్డీకి వడ్డీ, పైన షేర్లూనండీ" అంటున్నారట. కాదంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారని ఈవిడ బెంగ.

అమ్మా, ముందు ఆ పేరు సంగతి చూద్దాం. డిబెంచరంటే మీరు కంపెనీకిచ్చే అప్పు. కన్వర్టబుల్ అంటే ఆ అప్పు, కొంతో మొత్తమో, షేర్లుగా మారేది. మారిన మేరకు వడ్డీ ఆగిపోతుంది, అసలు అడిగే హక్కూ పోతుంది. కంపెనీ మునిగితే ముందు బంతి అప్పులవాళ్ళది, ఆఖరి బంతి వాటాదారులది. అప్పటికి గుండిగలో ఏం మిగులుతుందో పెళ్ళిళ్ళు చూసిన మీకు నేను చెప్పాలా!

100 రూపాయల డిబెంచరుకి 2 షేర్లని కాగితంలో ఉందనుకోండి. షేరు మీకు 50కి పడ్డట్టు. మారేనాటికి బజార్లో 80 ఉంటే సంతోషమే. 30 ఉంటే? మీ వంద అరవై అయింది. అందుకే మార్చుకోవడం మీ ఇష్టమా, కంపెనీ ఇష్టమా, గడువు రాగానే దానంతటదే మారిపోతుందా అన్నది చూసుకోవాలి.

"ఇష్టమైతేనే మార్చుకోవచ్చు" అన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. సహారా వారి రెండు సంస్థలు అమ్మినవి సరిగ్గా అలాంటివే. 2008 నుంచి 2011 దాకా దాదాపు 3 కోట్ల మంది దగ్గర 24,000 కోట్లకు పైగా పోగుచేశాయి. ఇది మా తెలిసినవాళ్ళ మధ్య వ్యవహారం, సెబీకి పనేమిటన్నారు. (3 కోట్ల మంది తెలిసినవాళ్ళు!) 50 మందికి అమ్మజూపితే అందరికీ అమ్మినట్టేనంటూ 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు 15 శాతం వడ్డీతో తిరిగిమ్మంది. చాలామందికి ముందే ఇచ్చేశామంది సంస్థ. 2023 మార్చి నాటికి సెబీ ద్వారా మదుపుదార్లకు చేరింది వడ్డీతో కలిపి 138 కోట్లే.

మన వైపు అగ్రిగోల్డ్ సంగతి తెలిసిందే. అది డిబెంచర్లు కాదు, స్థలాల పేరుతో వసూళ్ళు. కానీ అక్కడా గుమ్మంలోకి వచ్చింది తెలిసిన మొహమే. చివరికి 2019లో 10 వేల లోపు కట్టినవాళ్ళకీ, 2021లో 20 వేల లోపు వాళ్ళకీ రాష్ట్ర ప్రభుత్వమే డబ్బివ్వాల్సి వచ్చింది.

పెళ్ళికి రెండేళ్ళే ఉందని రాశారు. ఆ రెండు లక్షలూ కదపకండి. అన్నయ్యగారు మళ్ళీ వస్తే కాఫీ ఇచ్చి, నెమ్మదిగా అడగండి: "సెబీకి దాఖలు చేసిన ప్రాస్పెక్టస్ తెచ్చారా? డిబెంచరుకి హామీగా ఏ ఆస్తి ఉంది? ట్రస్టీ ఎవరు? షేరు ఏ ధరకి, ఎవరి ఇష్టం మీద మారుతుంది? ఆ షేరు స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్ముడవుతుందా?" అమ్ముడుపోని షేరు బీరువాలో కాగితమే. కాగితాలు రేపు తెస్తానంటే, రేపే మాట్లాడుకుందామనండి. అమ్మాయి పెళ్ళికని ఆపానంటే ఆయనా నొచ్చుకోరు, మేనకోడలే కదా!