పిల్లి దాణా: సంచి మీది పేరు కాదు, లోపలి లెక్క చూడాలి

బాన్సువాడ: నిజాంసాగర్ ఆయకట్టులోని ఈ కేంద్రంలో సరుకు అంటే వడ్లు, బియ్యం, నూకలు, తవుడు. ఈ పుటలో పిల్లి దాణా ప్రసక్తి ఏమిటని వర్తకులకు తోచవచ్చును. కాని ఆ దాణాలో వున్నది మనకు తెలియని సరుకేమీ కాదు. నూకలు, మక్కలు, సోయా చెక్క, కోళ్ల పరిశ్రమ నుంచి వచ్చే మాంసపు పొడి, కొవ్వు. మనం క్వింటాళ్ల లెక్కన బేరమాడే వస్తువులే రంగు సంచిలో చేరి కిలోల లెక్కన తిరిగి మన అంగళ్లకు వస్తున్నవి.

తయారీదార్లు కూడ మరీ దూరం వారు కారు. పెడిగ్రీ, విస్కాస్ పేర్లకు సొంతదారైన మార్స్ కంపెనీకి సిద్దిపేట జిల్లాలో కర్మాగారం వున్నది. దాని విస్తరణకు 2021లో 500 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించారు. డ్రూల్స్ సరుకు రాజ్‌నంద్‌గాఁవ్‌కు చెందిన కోళ్ల వ్యాపార సంస్థ ఐబీ గ్రూపుది. మీ-ఓ థాయ్‌లాండ్ సరుకు. రాయల్ కానిన్ 1968లో ఫ్రాన్సులో పుట్టిన పేరు. వీటిలో ఏది మంచిదని అడిగేవారు ఎక్కువ, ఎట్లా పోల్చాలని అడిగేవారు తక్కువ. చెక్కను మాంసకృత్తుల శాతం చూచి, వడ్లను తేమ చూచి కొనే వర్తకుడు పిల్లి దాణాను మాత్రం బొమ్మ చూచి కొనడం విచిత్రమే.

మొదట తేమ సంగతి. వడ్ల కొనుగోలులో 17 శాతానికి మించితే ఎంత తగాదా అవుతుందో, ఎంత తరుగు తీస్తారో అందరికీ తెలుసు. పొడి దాణాలో తేమ సాధారణంగా 10 శాతం లోపు. 10 శాతం తేమ, 30 శాతం మాంసకృత్తులు వున్న సంచిలో తేమ తీసివేస్తే మాంసకృత్తులు 33 శాతం పైచిలుకు. పోలిక ఈ లెక్క మీదనే జరగాలి. అమెరికాలో దాణా ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో సంఘం ఎదిగిన పిల్లికి తేమ తీసిన లెక్కలో కనీసం 26 శాతం మాంసకృత్తులు, 9 శాతం కొవ్వు వుండాలంటున్నది.

రెండవది ధర. మాటవరసకు రెండు సంచులు తీసుకుందాం. మొదటిది కిలో 320 రూపాయలు: మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 4, బూడిద 8, తేమ 10 శాతం. మిగిలిన 38 పిండిపదార్థం. రెండవది కిలో 360 రూపాయలు: మాంసకృత్తులు 34, కొవ్వు 15, పీచు 3, బూడిద 8, తేమ 8. మిగిలినది 32. మాంసకృత్తులకు, పిండిపదార్థానికి గ్రాముకు మూడున్నర, కొవ్వుకు ఎనిమిదిన్నర కాలరీల చొప్పున కడితే వంద గ్రాములకు మొదటి దానిలో 323, రెండవ దానిలో 358 కాలరీలు. ఇంటిపట్టున వుండే 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కాలరీలు చాలు. అనగా మొదటిది 62 గ్రాములు, రెండవది 56 గ్రాములు. రెండింటికీ ఖర్చు దాదాపు 20 రూపాయలే! కిలోకు 40 రూపాయల తేడా రోజు లెక్కలో మాయమైంది. కిలో ధర మీద బేరం తెంచేవారు దీనిని గమనించవలసి వున్నది.

మూడవది మాంసకృత్తుల అసలు రంగు. ప్రయోగశాల కొలిచేది నత్రజనిని. దానిని ఆరుంబావుతో హెచ్చవేసి మాంసకృత్తులని వ్రాస్తారు. తవుడులో, చెక్కలో యూరియా కలిపే కల్తీదారులకు ఈ కిటుకు తెలుసు. 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో జరిగినదీ ఇదే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసింది. మూత్రపిండాలు చెడి పిల్లులు, కుక్కలు చనిపోయాయి. ఒక్క మెనూ ఫుడ్స్ కంపెనీయే 6 కోట్లకు పైగా డబ్బాలు, పొట్లాలు వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కనుక శాతం ఒక్కటే చాలదు, అది దేని నుంచి వచ్చినదో కూడ చూడాలి. ముడిసరుకుల పట్టికను బరువు వరుసలో వ్రాస్తారు. ముందు వరుసలో పచ్చి కోడిమాంసం కనబడగానే మురిసిపోరాదు. అందులో సుమారు 70 శాతం నీరే. ఆరబెట్టని వడ్ల తూకం వంటిది.

ధాన్యం లేని దాణా అన్న ప్రచారమూ వున్నది. యంత్రంలో ఒత్తి పొంగించే గుళిక నిలబడాలంటే ఏదో ఒక పిండి వుండక తప్పదు. నూక, మక్క తీసివేస్తే బఠాణీ, ఆలుగడ్డ, కర్రపెండలం చేరుతవి. ఇండోర్ అన్న ముద్ర కూడ అటువంటిదే. ఆఫ్కో ప్రమాణాలలో ఆ పేరుతో వేరే తరగతి లేదు. సాధారణంగా కొవ్వు కొంత తగ్గించి, పీచు కొంత పెంచి ఆ పేరు పెడతారు. బద్ధకంగా పడుకునే పిల్లి లావెక్కకుండ అది పనికిరావచ్చును గాని, కొలిచి పెట్టకపోతే ఏ ముద్రా కాపాడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది టౌరిన్. మొక్కల సరుకులో ఇది దాదాపు లేదు. పిల్లి శరీరం తనకు చాలినంత తయారుచేసుకోలేదు. పేరున్న దాణాలు తింటున్న పిల్లులకే ఈ లోటు వల్ల గుండె కండరం చెడుతున్నదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1987లో బయటపెట్టారు. తరువాత కంపెనీలు టౌరిన్ పాలు పెంచినవి, జబ్బు తగ్గింది. పొడి దాణాలో కనీసం 0.1 శాతం వుండాలి. రైస్‌మిల్లు గోదాములో తిరిగే పిల్లికి ఎలుకలోనే టౌరిన్ దొరుకుతుంది. తలుపు వేసిన ఇంట్లోని పిల్లికి మన అంగడి సంచి తప్ప వేరే దిక్కు లేదు.

ఇక్కడే వర్తకుని బాధ్యత వస్తున్నది. పెద్ద సంచి విప్పి తెల్ల కవర్లలో విడిగా అమ్మే అలవాటు మంచిది కాదు. తయారీ తేదీ, టౌరిన్ శాతం, సంపూర్ణ ఆహారమన్న హామీ, అన్నీ పెద్ద సంచితోనే వుండిపోతవి. గాలి తగిలి, మన ఎండలకు కొవ్వు కనరెక్కుతుంది. కొన్నవాని చేతిలో మిగిలేది ఊరూ పేరూ లేని గుళికలు. చిల్లర కొనుగోలుదార్లకు చిన్న పొట్లాలే తెప్పించి ఇవ్వడం మేలు. కిలోకు ధర కొంత ఎక్కువ పడినా, రోజుకు 60 గ్రాములు తినే పిల్లికి నెలకు రెండు కిలోలు దాటవు గదా.

పశువుల దాణాకు జీఎస్టీ లేదు. పొట్లం కట్టిన పిల్లి, కుక్క దాణాకు 2017లోనే 18 శాతం వేశారు. అంత పన్ను కట్టి కొనేవాడు సరుకు వివరం అడగడంలో తప్పు లేదు. మచ్చు చూపకుండ వడ్ల బేరం కుదరదు. చీటీ లేని దాణాకూ అదే కట్టుబాటు వర్తించాలి.