మా నల్లా కింద మునిగిన ఊరు

మా పేటలో నల్లా వచ్చే రోజుకు లెక్క ఉంటుంది. నాలుగైదు రోజులకోసారి, అదీ ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక. మగ్గం ఆపి మగవాళ్లు, బీడీల చాట పక్కన పెట్టి ఆడవాళ్లు, హౌజులు, డ్రమ్ములు, బిందెలు, చివరికి చెంబులు కూడా నింపుకుంటాం. ఈ నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి ఉజని డ్యామ్ నుంచి వస్తాయని చిన్న పిల్లలకూ తెలుసు. షోలాపూర్ పద్మశాలీలకు ఉజని గురించి తెలిసింది అంతే. ఆ నీళ్ల అడుగున ఏముందని మాలో ఎవరమూ అడగలేదు.

2024లో జనవరిలోనే ఉజని మైనస్‌లోకి పోయింది. సుమారు 117 టీఎంసీలు పట్టే జలాశయం అది. అందులో 63 టీఎంసీలకు పైగా డెడ్ స్టోరేజీ. మట్టం దానికంటే కిందికి దిగితే మైనస్ అంటారు. ఆ మార్చిలో ఫ్లెమింగోలు చూద్దామని మేనల్లుడు పట్టుబడితే ఉజని ఒడ్డున భిగ్వణ్ వైపు వెళ్లి పడవెక్కాం. పడవతను ముందు మమ్మల్ని పాత పలాస్‌దేవ్ అనే ఊరి దగ్గరికి తీసుకెళ్లాడు.

చుట్టూ నీళ్లు, నడుమ నెర్రెలిచ్చిన ఒండ్రు దిబ్బ. దాని మీద హేమాడ్‌పంతీ శైలి నల్లరాతి శివాలయం, పైన ఇటుకల శిఖరం. డ్యామ్ కట్టాక మునిగిన గుడి, నీళ్లు బాగా తగ్గిన ఏళ్లలోనే బయటపడుతుంది. పక్కన వీరగల్లులు. ఇంకా కాస్త అవతల ఇళ్ల పునాదులు, ఒక గడపరాయి. ఆ గడప మధ్యలో అరిగి ఉంది. ఎన్ని తరాల కాళ్లు తొక్కితే రాయి అట్లా అరగాలి! శిఖరం మీద గోధుమరంగు తల గల్ పక్షులు కూర్చున్నాయి. లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గూళ్లు పెట్టి చలికాలానికి ఇక్కడికొచ్చే పక్షులవి. మనుషుల్ని ఖాళీ చేయించిన ఊళ్లో వాటికి చోటు దొరికింది.

ఇంకో చిన్న దిబ్బ దగ్గర పడవతను మమ్మల్ని దిగనివ్వలేదు. నది టెర్న్‌లు వట్టి నేల మీదే గుడ్లు పెడతాయట, అడుగు తప్పితే నలిగిపోతాయట. మాది ఏ ఊరని అడిగాడు. షోలాపూర్ అన్నాను. "మీకోసం నీళ్లు వదిలితే ఈ దిబ్బకు ఒడ్డు నుంచి దారి పడుతుంది. కుక్కలు నడిచొచ్చి గుడ్లు తినిపోతాయి" అన్నాడు. కోపంగా అనలేదు. వానలెప్పుడొస్తాయో చెప్పినట్టు చెప్పాడు.

నగరం కోసం అప్పట్లో భీమా నదిలోకి వదిలిన నీళ్లన్నీ మా దాకా వచ్చేవి కావు. చాలా భాగం ఇసుకలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది, దారిలో మోటార్లు లాగేసుకునేవి. మా వార్డులో నల్లా రెండు రోజులు ఆలస్యమైతే మోర్చా తీశాం, ఖాళీ బిందెలు పట్టుకుని కార్పొరేషన్ ముందు కూర్చున్నాం. నీళ్లడగడం తప్పు కాదు. కానీ ఒక్క మోర్చాలోనైనా ఉజని నిర్వాసితుల పేరెత్తామా? పుణెకు బస్సులో పోయేటప్పుడు హైవే పక్కన కొత్త పలాస్‌దేవ్ బోర్డును ఎన్నిసార్లు దాటామో! మునిగిన చోటి నుంచి లేచొచ్చి కూర్చున్న ఊరు అది. కొత్తది ఉందంటే పాతది ఏమైందనే ప్రశ్న కూడా మాకు పుట్టలేదు.

ఆ ప్రశ్న మాకు పుట్టకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఊరు వదలడం అంటే ఏమిటో మా ఇళ్లల్లో చెప్పి మరీ పెంచారు. 1877లో ఇక్కడ మొదటి మిల్లు పెట్టారు, దక్కన్‌లో అది పెద్ద కరువు కాలం. ఆ రోజుల నుంచి పాలమూరు, కరీంనగర్, వరంగల్ దిక్కు నుంచి మావాళ్లు తరాల తరబడి వస్తూనే ఉన్నారు. మా ముత్తాతది మక్తల్ దగ్గరి పల్లె. ఆ పల్లె పేరు, బావి పేరు, చింతచెట్టు ఏ దిక్కున ఉండేదో మా నానమ్మ మాతో వల్లె వేయించింది. ఇక్కడ గుడి కట్టుకున్నాం, నారళీ పున్నానికి మార్కండేయుడి రథం లాగుతాం, బతుకమ్మ ఆడతాం. షోలాపూర్ చద్దర్ పేరు ఎవరూ దొంగిలించకుండా 2005లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా పేరు మీద అంత పట్టింపు ఉన్నవాళ్లం, మాకు నీళ్లిచ్చి మునిగిన ఊళ్లలో ఒక్కదాని పేరూ పిల్లలకు నేర్పలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పుణె, పింప్రి-చించ్వడ్ మురుగంతా ఉజనిలో కలుస్తోందని మేము గట్టిగానే అరిచాం. అది నిజమే. అయితే మాది అద్దకం ఇల్లు. చిన్నప్పుడు మోరీలో పారే రంగు చూసి, ఇవాళ ఎవరి కార్ఖానాలో ఏ చద్దరు దిగుతుందో పిల్లలం పందెం కాసేవాళ్లం. నీలం పారితే ఒకరు, ఎరుపు పారితే ఇంకొకరు గెలిచేవాళ్లు. ఆ మోరీ నాలాలో కలుస్తుంది, నాలా సీనా వైపు పోతుంది. సీనా భీమాలో, భీమా తెలంగాణ సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి కృష్ణ మక్తల్ దిక్కుగా జూరాలకు పోతుంది. నానమ్మ పేరు పేరునా వల్లె వేయించిన నేలకే మేము ఇన్నేళ్లూ ఆ నీళ్లను పంపించాం. శుద్ధి చేస్తే ఖర్చు పెరిగి గిట్టుబాటు కాదని సమావేశాల్లో మాట్లాడినవాళ్లలో నేనూ ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

తిరిగొచ్చిన రాత్రి రెండింటికి నల్లా వచ్చింది. హౌజు నింపుతూ మేనల్లుడు, "మామా, ఆ గడప ఎవరి ఇంటిదో కనుక్కోవచ్చా?" అన్నాడు. పొద్దున లేచి కొత్త పలాస్‌దేవ్‌కు వెళ్దామన్నాను. పొద్దున ఎర్ర చద్దర్ల ఆర్డరుకు అద్దకం మొదలైంది. నేను పోలేదు. మోరీ సాయంత్రం దాకా ఎర్రగా పారింది.