సర్దుకుపోవడం పని కాదా?

"ఇంట్లో కూర్చునేదానికి ఏం కష్టం?"

మొన్న ఆళ్లగడ్డ పోయినప్పుడు మా చెల్లెలి వియ్యపురాలి నోట ఈ మాట విన్నాను. పెద్దావిడ కదా అని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ మాత్రం ఊరుకోను.

మా చెల్లెలి కూతురు పెళ్లయ్యాక భర్తతో కొరియాలోని సువాన్‌కు వెళ్లి ఆరు నెలలైంది. ఆమధ్య ఫోన్‌లో ఒకటే ఏడుపు. "పెద్దమ్మా, చెత్త వేయడం కూడా చేతకావట్లేదు నాకు" అని. అక్కడ 1995 నుంచి చెత్తకు సంచులు కొనాల్సిందేనట. ఏ ఊరి సంచి ఆ ఊరిదే. కాగితం, ప్లాస్టిక్, గాజు వేరువేరుగా పెట్టాలి. మిగిలిన తిండి ఇంకో చోట. అందులోనూ ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, ఎముకలు తిండి కిందకి రావు! అవి కలిపేసిందని కింద ఇంటావిడ సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి ఏదో అందట. ఏమందో దీనికి అర్థం కాలేదు. ఆవిడ తప్పేం లేదు, అది వాళ్ల ఊరి పద్ధతి. తప్పు మనది.

అబ్బాయికి ఆఫీసులో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఉంటారు, దారి చూపే సీనియర్లు ఉంటారు. అంగడికి పోయి ఉప్పేదో చక్కెరేదో పోల్చుకోవాల్సింది ఈ పిల్లే. భర్తకు తోడుగా వెళ్లే వీసా మీద మామూలుగా ఉద్యోగం చేయనివ్వరు కాబట్టి ఇంజనీరింగ్ పట్టా పెట్టెలోనే ఉంది. ఇన్ని చేస్తూ ఉంటే దాన్ని 'కూర్చోవడం' అంటారా?

"మా కాలంలో మాకెవరు నేర్పారు?" అంటారు. నిజమే. నేను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కోడలిగా వచ్చాను. బస్సెక్కితే గంట దూరం, భాష కూడా ఒకటే. అయినా కొళాయి ఎప్పుడొస్తుందో, ఎవరింట్లో ఏం మాట్లాడకూడదో తెలిసేసరికి ఏడాది పట్టింది. దాన్ని ఎవరూ పని కింద లెక్కేయలేదు. మనకు జరిగిన అన్యాయాన్నే కోడళ్లకు సారెగా పంపుతామా?

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియావాళ్లు మన సీమకు వచ్చారు. వాళ్ల కోసం కొరియా వంటల హోటళ్లు వెలిశాయి. పరాయి ఊళ్లో మనిషికి సొంత తిండి, సొంత మాట కావాలని వాళ్ల విషయంలో మనకు అర్థమైంది. మన పిల్ల విషయంలో ఎందుకు కాదు?

పిల్లను పంపేటప్పుడు ఊరగాయ జాడీలు తూకం వేసి మరీ సర్దాం. భాష నేర్పించాలని ఒక్కరికీ తోచలేదు, తెలుగు బీఏ చదివిన నాకు కూడా. కొరియా లిపిలో మూలాక్షరాలు 24 మాత్రమే. మన యాభై ఆరు దిద్దిన పిల్లకు అదెంత పని? పెళ్లి చీరల బేరానికి తిరిగిన రోజుల్లో సగం చాలు. అక్కడ ప్రభుత్వమే విదేశీయులకు భాషా తరగతులు నడుపుతోంది. వారానికి రెండు పూటలు భార్యను పంపి, ఆ పూట వంట తను చేసుకుంటే అబ్బాయి ఉద్యోగం ఊడిపోదు.

అత్తగార్లూ, అమ్మలూ! ఈసారి ఫోన్ చేసినప్పుడు "అబ్బాయి సరిగ్గా తింటున్నాడా?" అని అడిగే ముందు, "నీకు మాట్లాడడానికి ఎవరైనా దొరికారా తల్లీ?" అని అడగండి.