పసుపు దీపం వెలిగితే నిర్లక్ష్యం వద్దు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒక సహోదరి వ్రాసిన ప్రశ్న అనేక కుటుంబాలకు ఉపయోగపడుతుందని ముందుగా దానినే తీసుకుంటున్నాము. "మా అబ్బాయి వాడిన కారు ఒకటి కొన్నాడు. మీటర్ల దగ్గర గుర్రపు నాడా లాంటి పసుపు బొమ్మ వెలుగుతోంది. దాని మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. బండి బాగానే నడుస్తోంది గదా, ఏమీ కాదులే అంటాడు. మే నెలలో మనవలను తీసుకుని పెళ్ళికి వెళ్ళాలి. ఆ బండిలో వెళ్ళవచ్చునా?" అని ఆమె అడిగారు.

అమ్మా, ఆ దీపం సంగతి తేల్చుకోకుండా వెళ్ళవద్దు. ఎందుకు చెబుతున్నానో వినండి.

మా తోడల్లుడి కారులో ఇదే దీపం రెండు రోజులు ఉదయం వెలిగి, కొంతదూరం పోయాక ఆరిపోయింది. మూడవ రోజు ఆరకుండా అలాగే ఉంది. "పరికరం చెడిపోయింది" అని ఆయన దాని మీద స్టిక్కరు ముక్క అంటించాడు. ఆ వారంలోనే మేము ఐదుగురం హైదరాబాదు నుండి అద్దంకి వైపు బయలుదేరాము. దాచేపల్లి దాటాక మంచి ఎండలో వెనుక టైరు ప్రక్క గోడ చీలిపోయింది. ఆయన బ్రేకు మీద కాలు వేయలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఎక్సలేటరు వదిలి, బండిని మెల్లగా అంచుకు చేర్చాడు. అందుకే ఈ మాటలు వ్రాయగలుగుతున్నాను. టైరులో ఒక మేకు ఉంది. దీపం మూడు రోజులు నిజమే చెప్పింది, మేమే వినలేదు.

మొదటి రెండు రోజులు దీపం ఎందుకు ఆరింది? బండి నడిచేకొద్దీ టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి పీడనం కొంత పెరుగుతుంది. గాలి తగ్గిన టైరు కూడా అప్పుడు బాగున్నట్లే కనిపిస్తుంది. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెంటీగ్రేడు మారితే పీడనం 1 పి.ఎస్.ఐ. వరకు మారుతుంది. గనుక చలికాలపు తెల్లవారుజామున వెలిగి మధ్యాహ్నం ఆరిన దీపాన్ని కూడా తేలికగా తీసుకోకూడదు.

ఇది ఎలా పనిచేస్తుంది?

ఈ ఏర్పాటును టి.పి.ఎం.ఎస్. అంటారు. ఇది రెండు రకాలు. మొదటి రకంలో ప్రతి చక్రం లోపల, వాల్వుకు అతికి ఒక చిన్న సెన్సారు ఉంటుంది. అది గాలిని కొలిచి రేడియో ద్వారా బండికి తెలుపుతుంది. రెండవ రకంలో లోపల ఏ పరికరమూ ఉండదు. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై, మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. బ్రేకుల కోసం అమర్చిన ఏ.బి.ఎస్. సెన్సార్లు ఆ తేడాను పసిగడతాయి. నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి తగ్గితే ఈ రకం గుర్తించలేకపోవచ్చు.

2000లో అమెరికాలో టైర్లు విడిపోయి అనేక ప్రమాదాలు జరిగిన పిమ్మట అక్కడ చట్టం చేశారు. 2007 సెప్టెంబరు నుండి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో 2020లో నిబంధనలు సవరించి, 3.5 టన్నులు మించని ప్రయాణికుల బండిలో ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, టి.పి.ఎం.ఎస్. ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. అటువంటి బండి కొన్నవారికి ఈ దీపమే పెద్ద ఆధారం.

ఒక సంగతి గమనించండి. అమెరికా నియమం ప్రకారం ఉండవలసిన గాలిలో 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. అంటే 33 ఉండవలసిన టైరులో సుమారు 25కు పడిపోయాక గాని వెలగకపోవచ్చు. కాబట్టి దీపం వెలగలేదంటే గాలి సరిగా ఉందని అర్థం కాదు. నెలకొకసారి గేజీతో చూడవలసిందే.

దీపం వెలిగితే ఏమి చేయాలి?

1. వేగం తగ్గించి, భద్రమైన చోట ఆపి నాలుగు టైర్లూ చూడండి. టైరు కూర్చుండిపోతే ఆ బండి నడపవద్దు.

2. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు ప్రక్కన ఉన్న స్టిక్కరు మీద వ్రాసి ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ సంఖ్యను పట్టించుకోకండి.

3. బండి మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు, చల్లని టైరులో గాలి కొలవాలి. వేడి టైరులో ఎక్కువ చూపిందని గాలి తీయకూడదు.

4. గాలి పట్టించాక మళ్ళీ తగ్గుతుంటే పంక్చరు ఉన్నట్లే.

5. ఇంజను వేయగానే దీపం ఒక నిమిషం వరకు మిణుకుమని తరువాత నిలకడగా వెలిగితే, అది ఆ ఏర్పాటులోనే లోపం. సెన్సారు లేని స్టెప్నీ వేసినప్పుడు కూడా ఇలా జరగవచ్చు.

కాపాడుకునే విధం

పంక్చరు షాపులో టైరు ఊడదీయకముందే "వాల్వు దగ్గర సెన్సారు ఉంది, జాగ్రత్త" అని చెప్పండి. ఇనుప కడ్డీ తగిలితే అది విరిగిపోతుంది. వాల్వులకు ప్లాస్టిక్ మూతలే వాడండి. కొన్ని లోహపు మూతలు తుప్పుతో అతుక్కుపోయి, తీసేటప్పుడు వాల్వు విరుగుతుంది. టైర్లు ముందువి వెనుకకు మార్చినా, రెండవ రకం బండిలో గాలి పట్టించినా, పుస్తకంలో చెప్పినట్లు రీసెట్ చేయాలి. గాలి సరిచేయకుండా రీసెట్ చేస్తే తక్కువ గాలినే సరైనదిగా అది నేర్చుకుంటుంది. సెన్సారులోని బ్యాటరీ సాధారణంగా 5 నుండి 10 సంవత్సరాలు వస్తుంది. దానిని విడిగా మార్చడం కుదరదు, సెన్సారునే మార్చాలి. అందుకే టైర్లు మార్చే రోజున వాటి వయస్సు కూడా అడగండి.

సొంత కారు లేనివారు కూడా అద్దె బండి ఎక్కేముందు డ్రైవరును "బాబూ, గాలి ఎప్పుడు చూశావు?" అని అడగడానికి మొగమాటపడవద్దు. ఆ మాటకు పైసా ఖర్చు లేదు.

సహోదరీ, మీ అబ్బాయిని రేపు ఉదయమే, ఎండ ఎక్కకముందే, దగ్గరలోని గాలి మిషను దగ్గరకు పంపండి. దీపం ఎందుకు వెలిగిందో తెలిసి, లోపం సరిచేయించిన తరువాత మనవలను ఎక్కించుకుని పెళ్ళికి బయలుదేరండి.