రాయి ఉన్నచోట సరే.. పూడిక ఉన్నచోట?

శేరిలింగంపల్లి: 2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ ప్రకంపనలు హైదరాబాద్‌ను తాకినా చెప్పుకోదగ్గ నష్టం వాటిల్లలేదు. నగరం గ్రానైటు శిలపై ఉందని, భయపడాల్సిన పని లేదని ప్రజలు ఊరట చెందారు. అందులో నిజం ఉంది. అయితే అది సగమే.

సరిగ్గా పక్షం రోజుల ముందు, నవంబరు 19న గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో చిన్నపాటి స్థలంలో కట్టిన బహుళ అంతస్తుల భవనం పక్కకు ఒరిగింది. పక్క స్థలంలో పునాదుల కోసం గుంతలు తవ్విన తర్వాత జరిగిన ఉదంతమిది. మరుసటి రోజు అధికారులు దాన్ని యంత్రంతో కూల్చివేయించారు. భూమి కంపించకుండానే ఈ పరిస్థితి తలెత్తడం గమనార్హం.

నేల జావగా మారితే..

ఏటి ఒడ్డున తడి ఇసుకను పాదంతో పదేపదే అదిమితే నీరు పైకి ఊరి, ఇసుక మెత్తబడుతుంది. భూకంపంలో జరిగేదీ ఇంచుమించు అదే. నీటితో నిండిన వదులు ఇసుక కుదుపులకు సర్దుకోబోతుంది. తప్పించుకునే దారిలేని నీటి ఒత్తిడి పెరిగి, రేణువుల మధ్య పట్టు సడలుతుంది. నేల ద్రవంలా ప్రవర్తిస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు గోడలు చెదరకుండానే వెనక్కి వాలిపోయాయి. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కాండ్లా రేవు భవనం ఒరిగింది.

హైటెక్ సిటీలో ఈ ముప్పు తక్కువే. 2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణం హైదరాబాద్‌ను తక్కువ తీవ్రత గల రెండో మండలంలో చేర్చింది. పైగా ఇక్కడి సహజ నేల మొరం, దాని కింద రాయి. అసలు ముప్పు కృష్ణా, గోదావరి డెల్టాల ఇసుక నేలలకు ఎక్కువ. కానీ మండలాల పటం కుదుపు ఎంతో చెబుతుందే తప్ప, ఫలానా ప్లాటు కింద ఏముందో చెప్పదు. దుర్గం చెరువు, తమ్మిడికుంట, మల్కం చెరువు ఉన్న ప్రాంతమిది. చెరువు శిఖంలోనో, పాత క్వారీ గుంతలోనో కూల్చిన ఇళ్ల శిథిలాలు, మట్టి పోసి చదును చేస్తే పైకి అంతా ఒకే నేలలా కనిపిస్తుంది. అటువంటి పూడిక బరువుకు కుంగుతుంది. వానకు నానితే మరింత కుంగుతుంది. ఒక మూల రాయి, మరో మూల పూడిక ఉంటే భవనం ఒరుగుతుంది.

మేడలకు కాదు, ఇరుకు ఇళ్లకే

అద్దాల మేడలకు మూడు నాలుగు సెల్లార్లు తవ్వుతారు గనుక పునాది సాధారణంగా రాయిని చేరుతుంది. భయమల్లా వాటి వెనుక వీధుల్లో అరవై, డెబ్భై గజాల్లో లేస్తున్న హాస్టళ్లు, అద్దె ఇళ్లతోనే. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు ఇంటికి అనుమతి అక్కర్లేదని, నమోదు చాలునని పేర్కొంది. సామాన్యునికి అది మేలే. ఆ పునాదిపైనే నాలుగో అంతస్తు లేచినప్పుడు మట్టి పరీక్ష సంగతి అడిగేవారెవరు?

పరీక్ష కష్టమైనదేమీ కాదు. బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. తక్కువ దెబ్బలకే దిగితే నేల వదులని అర్థం.

పూడిక లోతు తక్కువైతే తీసేసి, మొరాన్ని పొరలు పొరలుగా పోసి, తడిపి రోలరుతో అదమడం చౌకైన మార్గం. లోతు ఎక్కువైతే రాయి దాకా పైల్స్ దించాలి. విశాల స్థలాల్లో కంకర స్తంభాలు మేలు. వీటికి 2003లోనే ఐఎస్ 15284 మార్గదర్శకాలు వచ్చాయి. ఇవి చుట్టూ ఉన్న ఇసుకను గట్టిపరచడమే కాక, ఒత్తిడికి గురైన నీరు బయటపడే దారి చూపుతాయి. అయితే వాటిని దించే యంత్రం అదురు పక్కింటి గోడను పగులగొట్టే ప్రమాదం ఉన్నందున ఇరుకు వీధుల్లో వాడరాదు. సిద్ధిఖ్‌నగర్ వంటి చోట పక్క గుంతకు ముందే ఊతగోడ కట్టించడం వీటన్నిటికన్నా అవసరం.

భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనే ఉంది. పాత గ్రామ నక్షాల్లో చెరువులు, కుంటల హద్దులున్నాయి. ఆ హద్దుల్లోకి వచ్చే ప్లాటుకు, అది ఎన్ని గజాలదైనా, మట్టి పరీక్ష నివేదిక లేనిదే పునాది తీయనివ్వరాదన్న ఒక్క షరతు విధిస్తే చాలు.