మాహీంలో ఒక ఇల్లు, అమ్మకు మనసు జబ్బు

ఈ నెల ఒక నవల గురించి మాట్లాడుకుందాం. పేరు 'ఎమ్ అండ్ ద బిగ్ హూమ్'. రాసినాయన ముంబై మనిషి జెర్రీ పింటో. 2012లో ఇంగ్లీషులో వచ్చింది. 2016లో సాహిత్య అకాడెమీ అవార్డు కూడా అందుకుంది. ఇంగ్లీషు రాకున్నా ఫికరు లేదు, శాంతా గోఖలే చేసిన మరాఠీ అనువాదం ఉంది. మరాఠీ బడిలో చదువుకున్న పిల్లలుంటే వాళ్లచేత చదివించుకుని వినొచ్చు.

కథ జరిగేది దాదర్ అవతల మాహీంలో. ఒక పడకగది, ఒక హాలు, ఒక వంటిల్లు. అందులో నలుగురు: తల్లి ఇమెల్డా, తండ్రి అగస్టీన్, కూతురు సుజాన్, కథ చెప్పే కొడుకు. పిల్లలు తల్లిని 'ఎమ్' అంటారు, తండ్రిని 'బిగ్ హూమ్' అంటారు. గోవా మూలాలున్న క్రైస్తవ కుటుంబం. వాళ్ల భాష వేరు, పండుగలు వేరు. అయినా ఆ కాస్త ఇంట్లో ఒకరి ఏడుపు ఇంకొకరికి వినపడకుండా దాచడం ఎంత కష్టమో చాళ్లలో బతికినోళ్లకు చెప్పక్కర్లేదు.

ఎమ్‌కు మనసు జబ్బు. కొన్నాళ్లు పట్టలేనంత హుషారు, ఆగని మాటలు. కొన్నాళ్లు బతకనే వద్దనిపించే చీకటి. బీడీ కాలుస్తుంది, చాయ్ మీద చాయ్ తాగుతుంది, నోటికి అడ్డూ అదుపూ లేదు. కడుపుబ్బ నవ్విస్తుంది, అంతలోనే గుండెల్లో గుచ్చినట్టు అంటుంది. పేరుపడ్డ రచయిత్రి కాదు గాని రాత ఆమె చేతిలోని కళ. ఉత్తరాలు, డైరీలు రాస్తూనే ఉంటుంది. జబ్బు రాకముందు అమ్మ ఎట్లుండేదో కొడుకు ఆ కాగితాల్లోనే వెతుక్కుంటాడు. ప్రాణం తీసుకోబోయిన ఆమెను జేజే ఆసుపత్రి 33వ వార్డులో చేర్చాల్సి వస్తుంది. మనోళ్ల పాత కామాఠీపురా నుంచి నడిచిపోయేంత దూరమే ఆ ఆసుపత్రి.

ఈ పుస్తకంలో తల్లిని దేవతను చెయ్యలేదు, దయ్యాన్నీ చెయ్యలేదు. కొడుక్కు ఆమెంటే ప్రాణం. అయినా కోపమొస్తుంది, సిగ్గేస్తుంది, ఈ జబ్బు రేపు నాకూ వస్తుందేమో అని భయమేస్తుంది. అన్నీ దాచకుండా చెప్తాడు. తండ్రి మాటలు తక్కువ మనిషి. డ్యూటీకి పోతాడు, వస్తాడు, వండుతాడు, పిల్లల్ని చూసుకుంటాడు, భార్య చెయ్యి వదలడు. ఆ ఇల్లు నిలబడింది ఆయన ఓపిక మీదనే.

మన పేటల్లో ఇట్లాంటి ఇల్లు ఉంటే ఏమంటాం? 'గాలి సోకింది', 'ఎవరో చేయించిన్రు', 'నాటకాలాడుతుంది'. పిల్ల సంబంధం చెడిపోతుందని తలుపు వేసుకుంటాం. షుగర్ గోలీ అందరి ముందర వేసుకుంటాం, మనసు గోలీ మాత్రం పప్పు డబ్బా వెనక దాస్తాం. కొంచెం నయం కాంగనే మానేస్తాం. జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. దాచిన కొద్దీ ఇంటిల్లిపాదీ నలిగిపోతారు, అందరికన్నా ఎక్కువ చూసుకునే మనిషి. పగలంతా సాంచాల మీద నిలబడి, రాత్రంతా అత్తకు కాపలా ఉండే కోడల్ని 'నువ్వెట్లున్నవ్ బిడ్డా?' అని అడిగేటోళ్లు ఎందరు?

జెర్రీ పింటో తన కన్నతల్లి బతుకులోంచే ఈ నవల తీశాడు. రాయడానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. అచ్చయినంక, చదివినోళ్లు వచ్చి తమ ఇండ్లలోని కథలు చెప్పుకున్నారు. అట్లాంటి కుటుంబాల మాటలు కలిపి 2016లో 'ఎ బుక్ ఆఫ్ లైట్' అని ఇంకో పుస్తకం తెచ్చాడు. ఒక్కడు నోరు విప్పితే ఎంతమందికి ధైర్యమొచ్చిందో చూడండి.

ఇంట్లో ఎవరికన్నా ఇట్లా ఉంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, 14416కు ఫోన్ చెయ్యండి. అది సర్కారు వారి టెలి మానస్. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రెండు, డాక్టర్ చెప్పకుండా గోలీలు ఆపొద్దు. మూడు, ప్రాణం తీసుకోబోయిన మనిషిని కేసు అవుతుందన్న భయంతో ఇంట్లోనే దాచిపెట్టొద్దు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలంటుంది. శిక్ష వెయ్యడం కాదు, వైద్యం అందించడం సర్కారు బాధ్యత అంటుంది.

ఇరుగుపొరుగు చెయ్యగలిగింది కూడా ఉంది. ఈసారి అట్లాంటి ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు కిటికీలోకి తొంగి చూడకండి. తలుపు తట్టండి. 'అక్కా, నేను రెండు గంటలు ఇక్కడ కూర్చుంటా, నువ్వు పోయి జర నిద్రపో' అనండి.